ఉబ్బిందా, పొంగిందా?

అందరికీ నమస్కారం. పిల్లల కోసం సైన్స్ వ్యాసం రాస్తూ ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాను. 2022 ఫిబ్రవరిలో స్పేస్‌ఎక్స్ కంపెనీ వదిలిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో దాదాపు 40 సౌర తుఫాను దెబ్బకి కిందికి జారి కాలిపోయాయి కదా. "భూమి ఎగువ వాతావరణం ఉబ్బడం వల్ల" అని రాస్తే మా అబ్బాయి "గ్యాస్ పట్టిందా?" అన్నాడు. "వ్యాకోచించింది" అంటే పరీక్ష పేపరులా ఉంది. ఇంకో మాట ఉందా?

జవాబు: "పొంగింది" అనండి మేడమ్. నూనెలో పూరీ ఎలా పొంగుతుంది? లోపలి ఆవిరికి చోటు చాలక పిండిని పైకి తోస్తుంది. 100 కిలోమీటర్ల పైన గాలి కూడా అంతే. సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలను పీల్చుకుని కాగుతుంది. సౌర తుఫాను వస్తే ధ్రువాల దగ్గర పారే కరెంటు ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది. కొత్త గాలేమీ పుట్టదు, కింద ఉన్నదే పైకి లేస్తుంది. దాంతో 200 కిలోమీటర్ల ఎత్తులో నిన్నటికంటే చిక్కటి గాలి ఉంటుంది, ఉపగ్రహం వేగం తగ్గి కిందికి దిగుతుంది.

జవాబు: మా వరంగల్ వైపు పొంగు అంటే తట్టు. భూమికి పొంగు పోసిందనుకుంటారు, చూస్కోండి! నాకు అసలు గుచ్చుకున్నది "ఎగువ వాతావరణం". ఎగువ అంటే మనకు నది. ఆ మాట వినగానే మహారాష్ట్రలో మబ్బేసినట్టుంటుంది. పైగా వాతావరణం అంటే వెదర్‌కీ అదే మాటాయె. "పై గాలిపొరలు" చాలదూ?

జవాబు: మా నాయనమ్మ లెక్కల్లో "స్కైలాబ్ ఏడు" అని ఒక సంవత్సరం ఉండేది. 1979 జులై. స్కైలాబ్ అంటే అమెరికా అంతరిక్ష కేంద్రం, అది నెత్తిన పడుతుందని ఊళ్లో కోళ్లన్నీ కోసుకు తిన్నారట. తీరా అది హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ రాలింది. దాన్ని దించిందీ ఈ పొంగే. సూర్యుడు నాసా అనుకున్నదానికంటే రేగాడు. స్పేస్ షటిల్ అనే వ్యోమనౌక వెళ్లి దాన్ని పైకి నెడుతుందనుకున్నారు, షటిల్ తయారయ్యేలోపే అది దిగిపోయింది. మీ వ్యాసంలో ఈ కథ పెట్టండి, పిల్లలు చదువుతారు.

పొంగడమే ఖాయం చేస్తున్నాను. పై గాలిపొరలు కూడా. మరి డ్రాగ్‌కి, అంటే గాలి ఉపగ్రహాన్ని అడ్డుకోవడానికి, "ఎదురుగాలి" అనొచ్చా? అక్కడ గాలి వీచట్లేదు, ఉపగ్రహమే దూసుకెళ్తోంది.

జవాబు: ఆకు కదలని రోజు బండి మీద వెళ్లినా మొహానికి గాలి కొడుతుందిగా. దాన్నీ ఎదురుగాలే అంటాం. రాసేయండి.