సూట్‌కేస్ చక్రం అరిగింది, జిప్ వెనకాలే విచ్చుకుంటోంది

ప్రశ్న: రెండు చక్రాల సూట్‌కేస్. ఒకదాని రబ్బరు ఊడింది, ఇరుసుకు స్క్రూ లేదు, రివెట్ కొట్టి ఉంది. జిప్ వేస్తుంటే స్లైడర్ దాటగానే పళ్లు విడిపోతున్నాయి. ఇంట్లో బాగవుతుందా?

జవాబు 1: చక్రం సంగతి తేలికేనండి. పక్క సందులో హాక్సా బ్లేడు దూర్చి ఇరుసు కోసేయండి. చుట్టూ టేపు అంటిస్తే ప్లాస్టిక్ గీసుకుపోదు. కొత్తవి కొనేముందు వ్యాసం, వెడల్పు, ఇరుసు మందం మి.మీ.లలో కొలవండి. అరిగిన చక్రం కొలత తక్కువొస్తుంది కాబట్టి రెండోదాన్ని కొలవండి. మార్చేటప్పుడు మాత్రం జతగా మార్చాలి, లేకపోతే పెట్టె ఒక పక్కకి లాగుతుంది. ఇరుసుగా వేసే బోల్టుకి నైలాన్ లాక్ నట్టే (లోపల నైలాన్ రింగు ఉండేది) వాడండి, మామూలు నట్టు అదురుకి ఊడిపోతుంది.

జవాబు 2: పళ్లు బాగుంటే తప్పు స్లైడర్‌దే, దాని నోరు సాగింది. వెనక అంచుల్ని రెండు పక్కలా పటకారుతో కొద్దికొద్దిగా నొక్కుతూ, ప్రతిసారీ జిప్ వేసి చూడండి. ఒకేసారి బలం పెడితే పుటుక్కున విరుగుతుంది. విరిగితే స్లైడర్ వెనక ఉండే అంకె, అంటే 5, 8, 10 లాంటిది, చూసి అదే సైజు తెండి. కాయిల్ జిప్‌కి, అంటే పళ్లు నైలాన్ తీగ చుట్టలా ఉండేదానికి, కాయిల్ స్లైడరే పడుతుంది.

ప్రశ్న వేసినవారు: సూట్‌కేస్ పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) పెంకు మూలలో పగులు కూడా ఉంది. సూపర్ గ్లూ చాలా?

జవాబు 1: చాలదు, అది పెళుసు. పగులు చివర 3 మి.మీ. రంధ్రం వేస్తే ఇంక పాకదు. లోపలివైపు గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్‌గ్లాస్ గుడ్డ మీద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పూసి 24 గంటలు వదిలేయండి. అసిటోన్‌తో మాత్రం తుడవొద్దు, పెంకే పాడవుతుంది.