మా వీధి చివర వంకలో దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) ఉంది, అసోసియేషనోళ్ళు చెట్లు కంప అంతా తీసేస్తామంటున్నారు, ఎట్ల ఆపేది?

కరకంబాడి_రోడ్డు_నించి:

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు పక్కన ఒక లేఅవుట్, ఇల్లు కట్టుకోని నాలుగేళ్ళయింది. మా వీధి చివర ఒక వంక (చిన్న వాగు) ఉంది, దాని గట్టు మీద పాత చింతమాన్లు ఆరేడు, మధ్యలో కానుగ చెట్లు, రేగు కంప, ఒకదాంట్లో ఒకటి అల్లుకోని ఉంటాయి. ఎదురుగా కొండ. పోయిన వారం రాత్రి కరెంటు పోతే మేడ మీద కూర్చోనున్నాం, మా పాప ఊరికే టార్చి అటు కొట్టింది, చింతకొమ్మ మీద ఎర్రగా రెండు కళ్ళు, కదలకుండా మమ్మల్నే చూస్తా ఉండాయి. బాగా చూస్తే పిడికిలంత తల, పుల్లల్లాంటి కాళ్ళు, తోక లేదు, మెల్లిగా ఒక్కో చెయ్యి మార్చి మార్చి కొమ్మ పట్టుకోని పోతా ఉంది. మా అత్త చూసి "అది దేవాంగపిల్లి, మా ఊరి చింతతోపులో ఉండేవి, నలభై ఏళ్ళయింది నేను చూసి" అనింది. ఆ రాత్రి మాకెవురికీ నిద్ర పట్టలేదు సంతోషంతో.

పొద్దున్నే కాలనీ గ్రూపులో ఫోటో పెట్టినాను. అంతే, మొదలైంది. ఒకాయన అది కనపడితే ఇంటికి అరిష్టం అన్నాడు, ఇంకొకాయన దీన్ని పూజలకి కొంటారంట మంచి రేటు అన్నాడు, మిగతావాళ్ళంతా ఒకటే మాట, ఇట్లాంటివి ఉన్నచోటికి పాములొస్తాయి రేపు చిరుత వస్తుంది, జేసీబీ పిలిపించి వంక మొత్తం శుభ్రం చేయించేద్దామని. వచ్చే ఆదివారం మీటింగు. నెల ముందే ఒక జెర్రిపోతుని ఇంటి గేటు ముందర నలుగురు చేరి కొట్టి చంపినారు, నేను ఆపేలోపే అయిపోయింది, ఆ బాధ ఇంకా పోలేదు. వీళ్ళు చెడ్డోళ్ళు కాదండీ, ఆపదొస్తే అర్ధరాత్రి వచ్చి నిలబడతారు. కానీ నేను చెట్ల గురించి ఎత్తితే "రేపు నీ పాపకే ఏమన్నా అయితే" అంటారు, అక్కడ నా నోరు పడిపోతా ఉంది. ఏం చెప్పాలి, ఎవురికి చెప్పాలి?

జీవకోన_కుర్రోడు:

అక్కా ముందు ఆ ఫోటో గ్రూపులోంచి తీసెయ్యండి, రేటు అన్నాయన మాట లైట్ తీసుకోవద్దు, చేతబడి పేరు చెప్పి దాన్ని పట్టుకోనిపోయేవాళ్ళు నిజంగానే ఉన్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో దేవాంగపిల్లి షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికి ఏ రక్షణో దీనికీ అదే. పట్టినా చంపినా 3 నించి 7 ఏళ్ళ దాకా జైలు. గ్రూపులో ఈ ఒక్క మాట పెట్టండి, ఎవర్నీ తిట్టకుండా.

నేను పాములు పట్టే అన్నతో ఆరేళ్ళుగా తిరుగుతా ఉన్నా. మేం పోయే ఇళ్ళల్లో ఎక్కువ భాగం జెర్రిపోతులే. దానికి విషం లేదు, ఎలకల కోసం వస్తుంది. తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళిపోతుందని, నాగుపాముతో జతకడుతుందని మనోళ్ళు చెప్పేవన్నీ ఉత్తవే. దాన్ని చంపిన వీధిలో ఎలకలు పెరుగుతాయి, ఎలకల వెనకాల నాగుపాము వస్తుంది, మళ్ళీ మాకే ఫోన్. ఇది నేను కళ్ళారా చూసిన వీధులు ఒకటి కాదు. మీ కాలనీలో చెత్త యాడ వేస్తారో చూడండి, ఆ వంకలోనే కదా? హోటల్ మిగిలిన అన్నం, చికెన్ షాపు వేస్టు అక్కడే పడతాంటే కుక్కలు పందులు చేరతాయి, చిరుతకి కుక్క అంటే దొరికిన భోజనం. చిరుత చెట్టు కోసం రాదు అక్కా, కుక్క కోసం వస్తుంది. చెట్లన్నీ కొట్టేసి చెత్త అట్లే పెట్టుకుంటే వచ్చేది ఆగదు, చాటుగా వచ్చేది బయటికి కనపడతా వస్తుందేమో అంతే.

ఇంకోటి, ఆ కొండ 1989 నించి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, 2010లో శేషాచలం మొత్తాన్ని బయోస్ఫియర్ రిజర్వు చేసినారు. "అవి మన ఇళ్ళల్లోకి వస్తాండాయి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, మన ప్లాట్లు వాటి గడప దాకా పోయినాయి.

ఇద్దరు_బిడ్డల_నాయన:

తమ్ముడూ నువ్వు చెప్పింది తప్పని అనను, కానీ ఒళ్ళు మండడం మాకూ ఉంటుంది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ళ పాపని చిరుత ఎత్తుకపోయి చంపిందే, ఆ వార్త చూసిన రాత్రి నా బిడ్డలిద్దర్నీ పక్కలోనే పండబెట్టుకున్నా. తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్ళలోపు పిల్లల్ని నడకదారిలో పంపలేదు, భక్తులకి కర్రలిచ్చినారు. అంత పెద్ద దేవస్థానమే భయపడింది, కాలనీవాళ్ళు భయపడితే మూర్ఖులా?

మా సొంత తమ్ముణ్ణి చంద్రగిరి పక్క మా చేన్లో రక్తపింజరి కరిచింది. ఎవరో చెప్పినారని కాలికి గట్టిగా తాడు కట్టి మంత్రం వేసేవాడి దగ్గరికి పోయి రెండు గంటలు పోగొట్టినాం, ప్రాణం దక్కింది గానీ కాలు పాత కాలు కాలేదు. అప్పటినించి కంప కనపడితే నాకు గుండె దడ. గోడ పక్కన కంప ఉండకూడదు, ఇది నా మాట, మారదు. చింతమాన్లు కొట్టమని మాత్రం నేను అనడం లేదు, మాను ఏం చేసింది.

పాకాల_టీచరమ్మ:

ఇద్దరు బిడ్డల నాయన గారూ, మీ తమ్ముడి సంగతి చదివి బాధేసింది. తాడు కట్టకూడదు, కోయకూడదు, కదలకుండా పండబెట్టి 108లో నేరుగా పెద్దాస్పత్రికి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది, ఏ పామో పట్టుకోని చూపించాల్సిన పని లేదు. మా బడి గోడ మీద ఇది పెద్దక్షరాలతో రాయించినాను.

అమ్మాయ్, నీ మీటింగుకి ఆయన మాటే దారి చూపిస్తా ఉంది చూడు. దేవాంగపిల్లి ఎగరలేదు, కోతి మాదిరి దూకలేదు. ఒక కొమ్మ ఒదలకుండా ఇంకో కొమ్మ అందుకుంటేనే దాని నడక. కొమ్మకి కొమ్మ తగలకపోతే నేల మీదికి దిగాల, దిగితే కుక్కలు చంపుతాయి, లేదా కరెంటు తీగ పట్టుకుంటుంది. కాబట్టి "అన్నీ వద్దు" అని పోవద్దు. ఇళ్ళ గోడ వైపు పది పదిహేను అడుగులు కంప కొట్టించండి, అది నువ్వే ముందుగా చెప్పు, భయపడేవాళ్ళకి సగం మనసు కుదుటపడుతుంది. గట్టు మీద చింత, కానుగ మాత్రం ఒక్క మాను కూడా తీయొద్దు, మధ్యలో ఒకటి తీసినా దాని దారి తెగిపోతుంది. వీధిలైటు వీధి వైపే పడేటట్టు తిప్పించండి. అది తినేది పురుగులు, చీమలు, చిన్న బల్లులు, మనుషుల జోలికే రాదు.

మా నాయన కాలంలో ఇక్కడ ప్రతి ఊరికీ ఒక చింతతోపు ఉండేది, ఏటా చింతపండు వేలం వేసేవాళ్ళు. తోపులు పోయినాయి, వాటితో ఇదీ పోయింది. మీకు మిగిలింది అంటే ఆ ఆరేడు మాన్ల పుణ్యమే. రాత్రి చూసేటప్పుడు తెల్ల లైటు కొట్టొద్దు, టార్చికి ఎర్ర కాగితం కట్టుకోండి, వినాయక పందిట్లో లైట్లకి చుట్టేదే చాలు, దాని కళ్ళకి ఇబ్బంది ఉండదు మనకీ బాగా కనపడుతుంది.

పాత_రెవెన్యూ_మనిషి:

వంక గట్టు పోరంబోకే అయ్యుంటుంది, అసోసియేషన్ సొత్తు కాదు. వాల్టా (నీళ్ళు, భూమి, చెట్ల రక్షణ) చట్టం 2002 ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. వంక పూడిస్తే వానకి ఆ నీళ్ళు యాడికి పోతాయి, 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు ఎట్లయినాయో మర్చిపోయినారా. మీటింగులో ఈ మాట కూడా ఎత్తమ్మా, దేవాంగపిల్లి అంటే వినని వాళ్ళు కూడా ఇంట్లోకి నీళ్ళొస్తాయంటే వింటారు. తహసీల్దారుకి, ఫారెస్టు రేంజ్ ఆఫీసుకి రెండు అర్జీలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో.

కరకంబాడి_రోడ్డు_నించి:

అందరికీ చాలా థాంక్స్, ఫోటో తీసేసినా, అర్జీలు రేపు ఇస్తా. ఇద్దరు బిడ్డల నాయన గారూ, మీరు రాసింది చదివినాక మా కాలనీవాళ్ళ మీద ఉన్న కోపం చాలా తగ్గిపోయింది, గోడ పక్క కంప విషయం నేనే ముందు ఎత్తుతా. చికెన్ షాపాయనతో మాట్లాడినాను, వేస్టు వంకలో వెయ్యనని చెప్పినాడు, చూద్దాం. జెర్రిపోతుని కొట్టిన వాళ్ళల్లో ఒకాయన ఉన్నాడు మా ఎదురింట్లో, ఆయన కొడుకు ఆరో క్లాసు. వాడు సాయంత్రం వచ్చి "ఆంటీ నేనూ చూస్తా" అన్నాడు, వాళ్ళ నాయన్ని కూడా పిలుచుకోని రా అన్నా. రాత్రి ఎనిమిదికి మేడ మీదికి వస్తామన్నారు. ఎర్ర కాగితం తెచ్చి పెట్టుకున్నా.