లైపోజోమ్‌లో పెట్టిన డీటీపీఏ: ప్రభుత్వ సొమ్ము పెట్టవలసిన పనేనా?

తార్నాక_ఫార్మసీ:
ప్లూటోనియం, అమెరీషియం లాంటి రేడియోధార్మిక లోహాలు ఒంట్లో చేరితే ఇచ్చే మందు డీటీపీఏ. లోహాన్ని పట్టుకుని మూత్రంలోకి లాక్కొస్తుంది. కానీ అది కణాల్లోకి సరిగా చొరబడదు, ఒక్క రోజులోనే దాదాపు అంతా బయటికి పోతుంది. ప్లూటోనియమేమో కాలేయంలో, ఎముకల్లో దశాబ్దాలపాటు తిష్ఠ వేస్తుంది. మందును లైపోజోమ్ అనే సన్నని కొవ్వు బుడగలో పెట్టి ఎక్కిస్తే కాలేయ కణాలే మింగుతాయి. 1973లోనే అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలవారు ఎలుకల్లో చూపించారు. ఇన్ని మందుల కంపెనీలున్న హైదరాబాద్ దీన్ని ఎందుకు తలకెత్తుకోకూడదు?

మౌలాలి_వాసి:
అణు ఇంధన కర్మాగారం మాకు కూతవేటు దూరం. ఆ మందు నగరంలో ఉంటే మాకూ ధైర్యమే.

కోఠి_నర్సమ్మ:
మౌలాలి వాసి గారూ, మీ పక్కనున్నది యురేనియం. దానికి డీటీపీఏ వాడరు. యురేనియం మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను, దానికి ఇచ్చేది సోడియం బైకార్బొనేట్. పనికిరాని మందును చూసుకుని ధైర్యం తెచ్చుకోకండి.

లైపోజోమ్‌లంటే నాకు చిన్నచూపు లేదు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ ఎక్కించిన చేతులివి. పసుపు పొడి, సీసాను బాగా కుదిపి గ్లూకోజులోనే కలపాలి, సెలైన్ తగిలితే చెడుతుంది. మామూలు రకం దెబ్బతీసే మూత్రపిండాలను ఇది కాచింది, నిజమే. కానీ సీసా వేల రూపాయలు, దాని కోసం జనం రోడ్లెక్కారు. అలాంటి సరుకును ఎప్పుడో జరిగే ప్రమాదం కోసం బీరువాలో దాచి, గడువు తీరగానే పారేయాలా?

తార్నాక_ఫార్మసీ:
నర్సమ్మ గారూ, నేను మౌలాలి కోసం అడగలేదు. ప్లూటోనియం శుద్ధి జరిగేది తారాపూర్‌లో, కల్పాక్కంలో. తయారీ ఇక్కడ, అవసరం అక్కడ.

కోఠి_నర్సమ్మ:
సరే, అక్కడికే పోదాం. ఆ కార్మికుడికి కావలసింది మొదటి గంటల్లో కాల్షియం డీటీపీఏ, మర్నాటి నుంచి జింక్ డీటీపీఏ. కాల్షియం రకాన్ని సాగదీస్తే ఒంట్లోని జింకును కూడా ఊడ్చేస్తుంది మరి. ఈ రెంటికీ అమెరికాలో 2004లోనే ఆమోదం దొరికింది. 1976లో అమెరికాలోని హాన్‌ఫర్డ్ అణు కేంద్రంలో మెక్‌క్లస్కీ అనే కార్మికుడి ముఖం మీద అమెరీషియం ఉన్న పాత్ర పేలితే ఏళ్ళ తరబడి ఇచ్చింది మామూలు డీటీపీఏ సూదులే. పదకొండేళ్ళకు ఆయన పోయింది గుండెజబ్బుతో.

ఆలస్యంగా బయటపడ్డ కేసులకే మీ బుడగ అంటారా? అది పోయేది కాలేయానికి, ప్లీహానికి. మిగిలిన ప్లూటోనియం ఎముకలో ఉంటుంది. ఎముకను చేరే బుడగ చూపించండి, డబ్బు పెట్టమని నేనే అడుగుతాను.