అనంతపురంలో బర్చ్ చెట్టు వస్తుందా?

కల్లూరు_ఇల్లు: ఇంటి ముందు తెల్ల మాను ఉండే బర్చ్ ఒకటి పెట్టాలని ఉంది. అదే, మన భూర్జ వృక్షం. నేల ఎర్రమట్టి, నీళ్లు బోరువి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఎక్కడైనా వస్తుందంటున్నారు. నిజమేనా?

పెన్నా_ఇసుక: రాదప్పా. భూర్జ హిమాలయాల్లో 3,000 మీటర్ల పైన పెరిగేది. చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి తగిల్తేనే దాని మొగ్గ సరిగ్గా విచ్చుకుంటాది. మనకు డిసెంబరు రాత్రి కూడా 10 డిగ్రీల కిందికి దిగేది అరుదు. మేలో 40 దాటుతాది. వేర్లు పైపైనే పారతాయి, నేల కాగితే ముందు మాడేది అవే.

మిద్దె_తోట: అన్ని బర్చ్‌లూ ఒకటి కాదు సార్. నది బర్చ్, అంటే బెటులా నైగ్రా, అమెరికాలో ఫ్లోరిడా ఉత్తరం దాకా అడవిలోనే ఉంది. ఎండకు బాగా ఓర్చుకునేది అదే. నేలలో వద్దు, 24 అంగుళాల తొట్టిలో పెట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కొబ్బరి పొట్టు రెండు, ఆకు ఎరువు ఒకటి. కడక్కపోతే పొట్టులోని ఉప్పు వేర్లకు తగులుతుంది. తొట్టికి బయట తెల్ల పెయింటు వేయండి. సున్నం వద్దు, కారి మట్టిలో కలిస్తే పీహెచ్, అంటే మట్టి క్షారగుణం, పెరుగుతుంది. పైన మూడు అంగుళాలు వేరుశనగ పొట్టు, మానుకు ఆనకుండా. మధ్యాహ్నం నీడ తప్పనిసరి.

పెన్నా_ఇసుక: ఫ్లోరిడా ఉత్తరాన చలికాలం కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకట్టే చలి పడుతుంది, వాన మనకు రెండింతలు పైనే. ఆ సంగతి పక్కన పెట్టు. ఈ బోరు నీళ్లలోని సున్నానికి రెండు నెలల్లో ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగుల్తాయి. అది ఇనుము లోపం.

మిద్దె_తోట: చీలేట్, అంటే వేర్లకు అందేలా పట్టి ఉంచిన ఇనుము మందు, వేస్తే సరి.

పెన్నా_ఇసుక: ఏ చీలేట్? ఈడీటీఏ అయితే సున్నపు మట్టిలో ఇనుమును పట్టుకోలేదు. ఈడీడీహెచ్ఏ కావాల.

మిద్దె_తోట: వేరుశనగకు లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టడం లేదా? అదే దీనికీ.

పెన్నా_ఇసుక: వేరుశనగ నాలుగు నెలల పంట, రెండు మూడు సార్లు కొడితే గట్టెక్కుతాది. చెట్టుకు కొత్త చిగురేసినప్పుడల్లా ఏండ్ల తరబడి కొడతావా?

ధర్మవరం_నేత: ఆర్వో నీళ్లు పోస్తే?

పెన్నా_ఇసుక: ఎండాకాలం ఆ తొట్టికి రోజుకు 15-20 లీటర్లు. లీటరు ఆర్వో నీళ్లకు అంతకు మించి కాలవ పాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వీధిలో, ఒక షోకు మొక్కకా?

మిద్దె_తోట: అదండీ! మీ బాధ ఇనుము కాదు, నీళ్లు. మొదటే చెప్పుంటే ఇంత రాసేవాణ్ని కాదు. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లు పట్టొచ్చు. రోజుకు 20 చొప్పున 90 రోజులకు 1,800. రెండు వేల లీటర్ల ట్యాంకు చాలు.

పెన్నా_ఇసుక: అక్టోబరులో పట్టింది మే దాకా దోమలు చేరకుండా దాచు మరి.

గుత్తి_కొండ: ఇద్దరూ అడిగిన మాట మర్చినారు. ఆ మనిషికి కావాల్సింది తెల్ల మాను. నది బర్చ్ బెరడు దాల్చిన చెక్క రంగు, ముదిరితే నల్లబడి గరుకు తేలుతాది.

కల్లూరు_ఇల్లు: అయ్యో, అది ఎవరూ చెప్పలేదే!

గుత్తి_కొండ: తపసి చెట్టు చూడండి. మన గుట్టల మీదిదే, జిగురు తీసేది. తెల్లని మాను, కాగితం మాదిరి పొరలు లేస్తాది. ఎండకాలపు విత్తనం రాత్రంతా నానబెట్టి, పొడుగు కవర్లో అంగుళం లోతు పెట్టండి. తల్లివేరు లావుగా దుంప మాదిరి దిగుతాది, పొట్టి కవర్లో మెలిక పడుతుంది. నీళ్లు నిలిస్తే కుళ్లుతాది. కాయల మీద నూగు గుచ్చుకుంటే మంట, పిల్లలు ఆడే చోట పెట్టొద్దు. చలికాలం నుంచి ఎండల దాకా ఆకు ఉండదు, నీడ కోసమైతే వద్దు.

కల్లూరు_ఇల్లు: నీడకు వేప ఉంది అన్నా. విత్తనం ఎప్పుడు దొరుకుతుంది?

గుత్తి_కొండ: ఏప్రిల్, మే. చేతికి గుడ్డ చుట్టుకుని తీయండి.

మిద్దె_తోట: తపసి మంచిదే. కానీ అన్నభేది ఆకు మీద కొడితే ఏ చెట్టుకైనా పని చేస్తుంది, నా మాట మారదు.