పంట పోయి అప్పుల్లో ఉన్నాం. చింతపడితే విశ్వాసం లేనట్టేనా? దశమభాగం సంగతేంటి?

పల్నాడు కోడలు

అందరికీ వందనాలు. మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా ఆయన మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. పూత మీదున్నప్పుడే నల్ల తామర పురుగు పట్టింది. పువ్వు విప్పితే లోపల నువ్వుగింజకన్నా చిన్నవి, నల్లగా, గబగబా పాకుతూ కనపడతాయి. ఏ మందు కొట్టినా నాలుగు రోజులే, మళ్లీ మామూలే. పూతంతా రాలిపోయింది. కౌలు డబ్బులు, మందుల కొట్టు బాకీ, గొలుసు తాకట్టు పెట్టి తెచ్చింది, అన్నీ నెత్తిమీదే ఉన్నాయి.

మొన్న ఉపవాస కూటంలో ప్రార్థన చేయమని అడిగితే ఒకామె అందరి ముందే బైబిల్లో మలాకీ 3:11 తీసి చదివింది. "మీ పంటను తినివేయు పురుగులను నేను గద్దించెదను" అని. రాబడిలో పదోవంతు సంఘానికి ఇచ్చే దశమభాగం ఆపేశారు కాబట్టే పురుగు వచ్చిందట. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో అత్తయ్య పాట ఎత్తుకుంటుంది. నా నోరు పాడుతుంది, మనసు వడ్డీ లెక్కల్లో ఉంటుంది. "చింతింపకుడి" అన్నాడు కదా ప్రభువు, నేను చింతపడుతున్నానంటే ఆయన్ను నమ్మనట్టేనా? ఆకాశపక్షులు విత్తవు, కోయవు అనే మాట వింటే ఈ మధ్య కోపం కూడా వస్తోంది. మేం విత్తాం కదా! ఇంకొకటి, అప్పు తెచ్చయినా దశమభాగం ఇవ్వాలా?

కృపాక్షేమం

అక్కా, ప్రైజ్ ది లార్డ్. టెన్షన్ పడకండి. రోమా 8:28 పట్టుకుని ప్రార్థన చేయండి. అన్నీ సమకూడి మేలుకే జరుగుతాయి. మా కుటుంబ ప్రార్థనలో మిమ్మల్ని జ్ఞాపకం చేసుకుంటాం.

ఒంగోలు పంతులమ్మ

అమ్మాయ్, ముందు ఆ మలాకీ సంగతి తేల్చుకుందాం. 2021-22లో ఈ పురుగు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు మిర్చి చేలను ఊడ్చిపెట్టింది. దశమభాగం పైసా తప్పకుండా ఇచ్చే మా సంఘపెద్ద చేనూ పోయింది, ఆయన గట్టు పక్కన వేరే మతంవాళ్ల చేనూ పోయింది. మలాకీ ఆ మాట అన్నది జనం మొత్తాన్ని, "ఈ జనులందరును" అని. నీ ఒక్క ఇంటి మీద వేలు పెట్టి చూపలేదు. కష్టంలో ఉన్నవాడి దగ్గర కూర్చుని "నువ్వేదో తప్పు చేసుంటావు" అన్నవాళ్లు యోబు కథలోనూ ఉన్నారు. చివరికి దేవుడి కోపం ఎవరి మీద రగులుకుందో 42వ అధ్యాయంలో చూసుకో. ఆ కూటంలో ఆమెకు ఇది చదివి వినిపించాలని నాకుంది గానీ, నువ్వు మాత్రం ఆ గొడవకు పోకు.

మా ఒంగోలు సంగతి ఒకటి చెప్తాను. 1876-78లో డొక్కలు మాడ్చే కరువు వచ్చింది. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు జనాన్ని కూర్చోబెట్టి ప్రార్థన ఒక్కటే చేయించలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. ఇంకో పని కూడా చేశాడు, అది నాకు మరీ ఇష్టం. తిండి కోసం మతం మార్చుకున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. వాళ్లంతా పంట బాగా పండిందని నమ్మినవాళ్లు కాదు తల్లీ. చాలామంది ఊరి చివర పేటలవాళ్లు, సెంటు భూమి లేనివాళ్లు. పార పట్టి మట్టి ఎత్తారు, సాయంత్రం కూలి అడిగి తీసుకున్నారు, ప్రార్థనా చేసుకున్నారు. అందుకే, నువ్వు వడ్డీ లెక్క వేసుకుంటే విశ్వాసం పోయినట్టు కాదు. లెక్క వేయకపోతే కొట్టువాడు ఊరుకుంటాడా?

కోపం వస్తోందన్నావు. రానీ. 13వ కీర్తన మొదలయ్యేదే "ఎంతవరకు నన్ను మరచిపోతావు" అని. అలాంటి మొర బైబిల్లోనే ఉంటే, నువ్వు పెడితే తప్పేముంది? మార్కు 9లో జబ్బుపడ్డ పిల్లవాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. అయినా పిల్లవాడు బాగుపడ్డాడు. ఈ రాత్రి పాట అయ్యాక "ప్రభువా, కాపాడు" అని ముగించేయకుండా బాకీల పుస్తకం తెరిచి చదువు. కౌలు ఇంత, కొట్టుకింత, తాకట్టు ఇంత అని పైకే చెప్పు. ఎలాగూ నీ మనసు అక్కడే ఉందన్నావు కదా, దాన్నే ప్రార్థన చేసెయ్యి.

దశమభాగమంటావా, ద్వితీయోపదేశకాండం 14:22లో అది పంటలోంచి తీయమన్నది. పండని పంటలో పదోవంతు ఎంతో పంతులమ్మనైన నాకే లెక్క తేలదు. వడ్డీకి తెచ్చి ఇవ్వమని ఎక్కడా లేదు. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలది" అన్నాడు పౌలు.

ఇచ్చే అలవాటు పోతుందేమోనని బెంగ ఉంటే మా అమ్మ పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి మూలనున్న డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడ్డలో మూటకట్టి చర్చికి తీసుకెళ్లేది. ఇంట్లో నిండుకుంటున్న రోజుల్లో కూడా పిడికెడే, కాకపోతే పిడికిలి గట్టిగా బిగించేది!

కాపరి కొడుకు

పంతులమ్మగారూ, ఒక్క మాట. మీరన్నది చదివి కొందరు ఇవ్వడమే మానేస్తారేమో. మా నాన్నగారు పల్లె సంఘ కాపరి, అదే పాస్టర్. ఆ కానుకల మీదే మేం చదువుకున్నాం. జీతం లేని కాపరులు ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు. అయినా అక్కకు చెప్పేది ఏంటంటే, మిర్చి పోయిన ఏడు నాన్న ఏ ఇంట్లోనూ కానుక కవరు గురించి ఎత్తలేదు. ఆ ఏడాది మేమూ పచ్చడి మెతుకులతోనే గడిపాం. మీ పాస్టర్ అయ్యగారితో విడిగా మాట్లాడండి. కూటంలో అన్న మాట ఆయన మాట కాకపోవచ్చు.

ఒంగోలు పంతులమ్మ

బాబూ, మానేయమని నేననలేదు, అప్పు చేసి ఇవ్వొద్దన్నాను. మీ నాన్నగారికి నా వందనాలు చెప్పు.

చేను గట్టు

నేను ప్రార్థన గురించి చెప్పేంతవాణ్ణి కాను. అక్కా, సీసీఆర్సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) ఉందా? కౌలు రైతుకు పదకొండు నెలలకు ఇస్తారు. అది లేకపోతే బ్యాంకులో పంట రుణం అడగడానికి మన చేతిలో కాగితమే ఉండదు. రైతు సేవా కేంద్రంలో అడగండి. వచ్చే ఏడు మిర్చే వేస్తే నీలిరంగు జిగురు అట్టలు పూతకు ముందే కట్టండి. పురుగు కనపడిందని మందు మీద మందు కలిపి కొట్టొద్దు, దానివల్ల కొట్టు బాకీ పెరగడం తప్ప ఏమీ ఉండదు.

పల్నాడు కోడలు

అందరికీ థాంక్స్. పంతులమ్మగారూ, నిన్న రాత్రి బాకీలన్నీ ప్రార్థనలో పైకే చదివాను. గొలుసు తాకట్టు సంగతి మా ఆయన అత్తయ్యకు చెప్పనేలేదట! ఆమెన్ అనకముందే ఇల్లంతా గోల. అత్తయ్య ఇంకా మాట్లాడటం లేదు. మామయ్య మాత్రం పొద్దున్నే కండువా వేసుకుని, కొట్టువాడితో గడువు మాట్లాడతానని బయల్దేరాడు.

చేను గట్టు అన్నా, కార్డుకు భూమి యజమాని సంతకం కావాలంటున్నారు. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, సంతకం పెడితే పొలం చేజారిపోతుందేమోనని భయం, ఫోన్ ఎత్తడం లేదు. ఇలాంటి యజమానిని ఒప్పించినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చెప్పారో రాయండి.