పేగు జబ్బుకు హిప్నోథెరపీ: వైద్యమా, వేదిక మీది విద్యా?

నాగావళి (శ్రీకాకుళం): మా తమ్ముడికి చాలాకాలంగా ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల తేడాలతో వేధించే పేగు జబ్బు) ఉంది. పరీక్షల్లో ఏ లోపమూ కనబడకపోయినా కడుపునొప్పి తగ్గకపోవడంతో, మందులతో పాటు హిప్నోథెరపీ కూడా ప్రయత్నించవచ్చని డాక్టరుగారు అన్నారు. ఇంట్లో పెద్దలు ససేమిరా అంటున్నారు. దీన్ని వైద్యంగా నమ్మవచ్చా?

చీపురుపల్లి మాస్టారు: నమ్మకూడదు. మా బడి వార్షికోత్సవంలో ఒక హిప్నాటిజం ప్రదర్శకుడు కుర్రవాడి చేతిలో పచ్చి ఉల్లిపాయ పెట్టి ఆపిల్ పండని చెబితే, వాడు కళ్ల వెంట నీళ్లు కారుతున్నా కరకరా నమిలి తియ్యగా ఉందన్నాడు. వాడు నమిలింది చప్పట్ల కోసం. రోగానికీ దీనికీ పొంతన ఏమిటి?

నాగావళి: నేను అడిగింది ప్రదర్శన గురించి కాదు, మాస్టారూ. చికిత్సలో మనిషి నిద్రపోడు, స్పృహ తప్పడు. ధ్యాస ఒకచోట నిలిపి, పొట్ట మీద ఉంచిన అరచేతి వెచ్చదనం లోపలికి పాకుతున్నట్టు, పేగులు నెమ్మదిస్తున్నట్టు ఊహించుకొనేలా సూచనలిస్తారు. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం దీన్ని ఐబీఎస్ రోగులపై పరీక్షించి 1984లోనే వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించింది. ఏడాది పాటు మందులు వాడినా గుణం కనబడనివారికి దీన్ని పరిశీలించవచ్చని బ్రిటన్‌లోని చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో సూచించింది.

వంశధార: మన దేశంలోనూ 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డైల్ అనే డాక్టరు హిప్నాసిస్‌కు పాత రూపమైన మెస్మరిజంతో నొప్పి తెలియకుండా శస్త్రచికిత్సలు చేశాడు.

చీపురుపల్లి మాస్టారు: 1847లో మత్తుమందుగా క్లోరోఫాం వచ్చాక దాన్ని ఎందుకు వదిలేశారో కూడా చెప్పండి. నా ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

రాజాం రైతుబిడ్డ: ఉల్లిపాయ నుంచి క్లోరోఫాం దాకా వచ్చారు గానీ, నాగావళిగారి తమ్ముడి కడుపునొప్పి సంగతి ఎవరికీ పట్టలేదు.

నాగావళి: మాస్టారూ, మీరు చదివి మాట్లాడుతున్నారా, పంతానికి పోతున్నారా?

చీపురుపల్లి మాస్టారు: అనుభవించి మాట్లాడుతున్నాను. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న మా చెల్లెలి చేత, హిప్నోథెరపిస్టునని బోర్డు కట్టుకున్న ఒక పెద్దమనిషి, సూచనలు పనిచేయాలంటే మాత్రలు మానాలని చెప్పి మాన్పించాడు. అంతటితో ఆగక, చిన్ననాటి సంగతులు తవ్వితీస్తానని కూర్చోబెట్టి, మా ఇంట్లో ఎన్నడూ జరగనివి జరిగినట్టు ఆమెకు నమ్మకం కలిగించాడు. చివరకు విశాఖ తీసుకువెళ్లి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఇప్పటికీ మా గుమ్మం తొక్కదు.

నాగావళి: అది ఘోరం. హిప్నాసిస్‌లో లేని జ్ఞాపకాలు పుట్టే ప్రమాదం ఉందని డాక్టర్లే హెచ్చరిస్తారు. కానీ ఆ తప్పు చేసిన మనిషిది. రిజిస్టరైన వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవారు గానీ హిప్నోథెరపీ చేయవచ్చని 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు కూడా ఉంది.

చీపురుపల్లి మాస్టారు: ఆ రెండో మాటే కొంపలు ముంచింది. రెండు రోజుల తరగతికి వెళ్లి, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించుకున్నవాడు కూడా తనకు తగిన శిక్షణ ఉందనే అంటాడు. దాన్ని తేల్చేది ఎవరు?

నాగావళి: అందుకే బోర్డు చూసి వెళ్లడం లేదు, డాక్టరుగారు తనకు తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపుతున్నారు, మాత్రలు ఆపవద్దని కూడా చెప్పారు.

చీపురుపల్లి మాస్టారు: అయితే తొలిసారి మీరూ వెంట ఉండండమ్మా. ఆ పద్ధతి మీద నాకు నమ్మకం కుదరలేదు. మాత్రల ఊసెత్తి మానమంటే మాత్రం, కట్టిన ఫీజు పోయినా సరే, తమ్ముడిని తీసుకొని వచ్చేయండి.