చలి ముదిరేదాకా బండి తోలి, ఆ తర్వాత మణికట్టు చూపించుకుంటే?

ఎడమచెయ్యి:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, ముందు జరిగింది కాస్త చెప్పాలి.

కిందటి వారాంతం ఘాట్ రోడ్డు మీద బండి వెనక్కి తిప్పుతుంటే ముందు చక్రం కంకరలో జారింది. నడక వేగమే. బండి ఎడమకి ఒరిగింది, దాంతోపాటు నేనూ. పడేటప్పుడు ఎడమ అరచెయ్యి నేలకి ఆన్చాను. క్లచ్ లివర్ చివర గీసుకుంది, అద్దం వంగింది, గ్లవ్ అరచేతి దగ్గర అరిగింది. లేచి, ఎవరూ చూడలేదని చుట్టూ ఓసారి చూసుకుని, బండెక్కి ఇంటికొచ్చేశాను.

అప్పట్నుంచి మణికట్టు నొప్పి తగ్గట్లేదు. వాపు పెద్దగా లేదు. వేళ్లన్నీ ఆడుతున్నాయి, ఇదంతా రెండు చేతులతోనే టైప్ చేస్తున్నాను. కానీ సీసా మూత తిప్పినా, కుర్చీ మీద అరచెయ్యి ఆన్చి లేచినా బొటనవేలి మొదట్లో కలుక్కుమంటుంది. క్లచ్ నొక్కితే నొప్పి ఉంది, ఓర్చుకోగలను. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద ఎక్కువసేపు పాకాల్సి వస్తే మాత్రం చెయ్యి వదిలేద్దామనిపిస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్తే కట్టు వేస్తారు. కట్టు పడిందంటే ఈ ఏడాదికి బండి అయిపోయినట్టే. నేను ఏడాదంతా ఎదురుచూసేది ఈ నాలుగు వారాల కోసం. ఎండాకాలం హెల్మెట్‌లో తల ఉడికిపోతుంది, వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు చూడండి, గాలి పొడిగా ఉంది, చెట్లు రంగు తిరుగుతున్నాయి, జాకెట్ జిప్పు మెడదాకా లాగితే చలికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే ఇంటికి తిరిగి రాబుద్ధి కాదు. చలి గట్టిపడ్డాక ఎలాగూ బండికి కవర్ కప్పేస్తాను. కట్టేదో అప్పుడు వేయించుకుని కూర్చుంటే సరిపోదా? ఇదీ నా లెక్క.

ఇలాంటి చేత్తో నడిపినవాళ్లు లివర్ ఎలా సెట్ చేసుకున్నారు? గ్లవ్ లోపల రిస్ట్ బ్రేస్ (మణికట్టు కదలకుండా పట్టి ఉంచే పట్టీ) వేసుకోవచ్చా? "వెంటనే డాక్టర్‌కి చూపించుకో" అనేది మా ఇంట్లో పొద్దునా సాయంత్రం వింటున్నాను, కాబట్టి అది కాకుండా ఇంకేమైనా చెప్పండి.

పాతక్లచ్:

అన్నా, ముందు కేబుల్‌కి నూనె పట్టించండి, సగం బరువు అక్కడే తగ్గుతుంది. లివర్ మౌంటు బోల్టు కొంచెం వదులు చేసి కిందికి తిప్పండి. సీటు మీద కూర్చుని వేళ్లు లివర్ మీద పెడితే ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరసలో ఉండాలి. లివర్ పైకి ఉంటే మణికట్టు వెనక్కి మడుచుకుంటుంది, మీకు నొప్పి పుట్టేది ఆ మడతలోనే. సిగ్నల్ పడితే న్యూట్రల్ చేసేయండి, పట్టుకుని కూర్చోవద్దు. ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టేముందు లివర్‌లో ఉండే కాస్త వదులు, మాత్రం పూర్తిగా తీసేయకండి, క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి.

లోపల రేకు ఉన్న బ్రేస్ వద్దు. దాని మీద గ్లవ్ పట్టదు, పట్టినా లివర్ మీద పట్టు సరిగా చిక్కదు. నాకైతే బెణుకే అనిపిస్తోంది. ఎముక విరిగితే వేళ్లు అలా ఆడవు కదా.

కట్టుకట్టేవాణ్ణి:

ఎముకల విభాగంలో కట్లు వేసే పని నాది. డాక్టర్‌ని కాను, కానీ ఇలాంటి చేతులు రోజూ చూస్తాను. పాతక్లచ్ గారి చివరి మాట దగ్గర ఆగాలి. వేళ్లు ఆడినంత మాత్రాన మణికట్టులో ఎముక బాగున్నట్టు కాదు.

ఎడమచెయ్యి గారూ, బొటనవేలిని వెనక్కి బాగా చాపి చూడండి. దాని మొదట్లో రెండు స్నాయువులు లేస్తాయి, మధ్యలో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో రెండో చేతి వేలితో నొక్కండి. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే ఎముకని అనుమానించాలి. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. ఎక్కువగా చాచిన అరచెయ్యి నేలకి కొట్టుకున్నప్పుడు విరుగుతుంది, అంటే మీరు పడ్డట్టే. చాలాసార్లు వాపు పెద్దగా రాదు, పని కూడా ఆగదు. అందుకే బెణుకనుకుని నెలల తరబడి వదిలేసినవాళ్లు చాలామంది మా గదికి వస్తారు.

ఈ ఎముకతో చిక్కేమిటంటే దీనికి రక్తం ఎక్కువ భాగం వేళ్ల వైపు చివర నుంచి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే ముంజేయి వైపు ముక్కకి, కుళాయి వీధి చివరి ఇంటికి నీళ్లు అందినట్టు, అరకొరగా అందుతుంది. కదలకుండా ఉంచితే అతుకుతుంది. కదుపుతూ ఉంటే అతక్కుండా ఉండిపోవచ్చు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది, కొన్నేళ్లకి మణికట్టు కీలు అరుగుతుంది. మీరు బండికోసం దాచుకున్న నాలుగు వారాలున్నాయి చూశారూ, ఎముక అతకడానికి పనికొచ్చేవీ అవే. వైద్యం మొదలుపెట్టడం 4 వారాలు దాటితే అతక్కపోయే ప్రమాదం పెరుగుతుంది. ముక్కలు జరగకుండా ఉన్న పగులుకి కట్టుతో మామూలుగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. జరిగితే స్క్రూ వేయాల్సి వస్తుంది. అతక్కపోతే వేరేచోట నుంచి ఎముక తెచ్చి అమర్చే ఆపరేషన్ దాకా వెళ్తుంది, అప్పుడు పోయేది ఈ సీజన్ ఒక్కటే కాదు.

డాక్టర్ మాట ఎత్తొద్దన్నారు గానీ, మీరు రెండు వేరువేరు పనుల్ని ఒకటిగా కట్టి వాయిదా వేస్తున్నారు. కట్టు వేయించుకోవడం ఒకటి, అసలేమైందో తెలుసుకోవడం ఇంకొకటి. రెండోదానికి మీ సీజన్‌లో ఒక పూట పోతుంది, అంతే. బెణుకని తేలితే హాయిగా లివర్ సెట్ చేసుకుని తిరగండి. ఒక్కమాట మాత్రం గుర్తుపెట్టుకోండి, కొత్త పగులు మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు. అందుకే అనుమానం ఉంటే కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు, లేదా ఎమ్మారై చేస్తారు. "ఎక్స్‌రే బాగుంది" అన్నారని ఆ సాయంత్రమే బండెక్కకండి.

ఎడమచెయ్యి:

గుంటలో నొక్కాను. ఏం జరిగిందో రాయను, పక్క గదిలోంచి ఏమైందని అడిగారు.

సరే, ఒప్పుకుంటాను. కానీ ఒక సందేహం. బ్రేకు కుడిచేతిదీ కుడికాలిదీ. ఎడమచేతికున్న పని గేరు మార్చేటప్పుడు క్లచ్ నొక్కడమే. హైవే ఎక్కితే అదీ ఉండదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చేలోపు ఊరి బయట, ట్రాఫిక్ లేని రోడ్డు మీద ఒక్క రౌండు వేస్తే కొత్తగా పాడయ్యేదేముంది?

నెమ్మదిగా:

ఎడమచేతికి క్లచ్ ఒక్కటే పని అనుకోవడం కుదరదు. నలభై దాటిన వేగంలో మీరు ఎడమ మలుపు ఎలా తిరుగుతున్నారో గమనించారా? ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెడతారు, బండి ఎడమకి వాలుతుంది. తెలిసి చేసినా తెలియక చేసినా అందరం చేసేది అదే, కౌంటర్ స్టీరింగ్. ఆ నెట్టే బలం దిగేది మణికట్టు పక్కనున్న అరచేతి మొదలు మీద, మీరు నేలకి ఆన్చిన చోటే. మలుపు అనుకున్నదానికంటే బిగుతుగా ఉందనుకోండి, ఇంకా గట్టిగా నెట్టాలి. నొప్పి పుట్టిన చెయ్యి ఆ క్షణంలో వెనక్కి లాక్కుంటుంది. మీ ఇష్టాయిష్టాలతో దానికి పనిలేదు.

బ్రేకూ అంతే. వేళ్లు కుడిచేతివే గానీ, గట్టిగా పట్టినప్పుడు ఒళ్లు ముందుకి పడితే ఆ బరువు రెండు చేతుల మీదా పడుతుంది. మోకాళ్లతో ట్యాంకు బిగించి పట్టుకుంటే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. నొప్పికి జంకి అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు అక్కడే పోయాయి.

పైగా ఇది ఆకులు రాలే కాలం. మీరు చెప్పిన మధ్యాహ్నం మూడింటి ఎండ అందంగానే ఉంటుంది, కానీ సూర్యుడు కిందికి దిగి సరిగ్గా వైజర్‌లోకి కొడతాడు, ఎదురుగా వచ్చేవాడికి మనం కనపడం. మలుపు నీడలో రాత్రి పడ్డ మంచు తడి మధ్యాహ్నం దాకా ఆరదు. దాని మీద ఆకులు పరుచుకుని ఉంటే టైరుకి తారు అందదు. ఏబీఎస్ ఉంది కదా అనకండి, అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ లేని పట్టు తెచ్చిపెట్టదు. చల్లబడితే టైరులో గాలి కూడా తగ్గుతుంది, 10 డిగ్రీలకి ఒకటీ రెండు పీఎస్ఐ. చలిగాలికి వేళ్లు మొద్దుబారితే బాగున్న చేతికే క్లచ్ తెలియదు.

ఇవన్నీ మంచి చేతులతో నేనూ దాటుతూనే ఉన్నాను, ఈ సీజన్ నాకూ ఇష్టమే. మీ విషయంలో నా భయం రెండోసారి పడటం గురించి. మనిషి పడేటప్పుడు ఏ చెయ్యి చాపాలో ఎంచుకోడు. ఇప్పుడు సన్న పగులే ఉందనుకుంటే, మళ్లీ అదే చేతి మీద పడితే ముక్కలు జరుగుతాయి. నొప్పి మాత్ర వేసుకుని వెళ్దామనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, కొన్ని మాత్రలకి మత్తు వస్తుంది. మత్తు రానివాటితోనూ నొప్పి తగ్గి, చెయ్యి ఎంత పాడవుతోందో మీకు తెలియదు.

పాతక్లచ్:

వేళ్ల గురించి నేనన్నది తీసేసుకుంటున్నాను. లివర్ గురించి చెప్పింది మాత్రం నిజమే, ఎప్పుడైనా పనికొస్తుంది.

ఎడమచెయ్యి:

వెళ్లొచ్చాను. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. "హమ్మయ్య" అని లేవబోతే డాక్టర్ కూర్చోమన్నారు. ఆయనా అదే గుంటలో నొక్కారు, అక్కడే ఎందుకు నొక్కుతారో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి టెన్షన్ ఇంకా పెరిగింది. అనుమానం మీద కట్టు వేశారు, రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. అప్పుడూ తేలకపోతే ఎమ్మారై. అంటే సగం సీజన్ ఎలాగూ పోయింది. మిగతా సగం మీద ఆశ చావలేదు, దయచేసి ఎవరూ చంపకండి.

బండి సంగతి చెప్పండి. నిలబెట్టి ఉంచితే రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఆపితే చాలా? ఎడమచెయ్యి లేకుండా ఆ ఒక్క పనీ చేయగలను.

పాతక్లచ్:

వద్దన్నా. నిలబెట్టి రెండు నిమిషాలు తిప్పి ఆపితే ఇంజిను సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో తడి చేరుతుంది, స్టార్టర్ లాగినంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి రాదు. రెండు వారాలకైతే ఏమీ చేయక్కర్లేదు, కవర్ కప్పేయండి. అంతకంటే ఎక్కువ రోజులైతే ట్యాంకు నిండా పోయించండి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పేయండి, ఒక స్పానర్‌తో కుడిచేత్తో అయిపోయే పని. సెంటర్ స్టాండ్ మాత్రం మీరు వేయొద్దు, ఇంట్లో ఎవర్నైనా పిలవండి.